తాడు కాదు... కొక్కెం చూడండి!

పాత వ్యాన్లను లాగించేటప్పుడు బంపరుకు కడితే ముప్పే
వానలకు ముందే అడుగుభాగం పరీక్షించుకోవడం మేలు

ఇబ్రహీంపట్నం: కూరగాయల బస్తాలు ఎక్కించుకొన్న పాత వ్యాను చేను దాటకముందే తడిసిన నల్లరేగడిలో కూరుకుపోతుంది. దగ్గరలో ఉన్న ట్రాక్టరును పిలుస్తారు. ఎవరో మోకు తెస్తారు. ఇక అక్కడి నుంచి అంతా హడావుడే... చేతికి అందిన చోట తాడు కట్టడం, ‘పోనీ’ అని కేక వేయడం. కట్టినది బంపరుకైతే బంపరు ఊడి వస్తుంది. ముందరి ఇనుప గార్డుకైతే గార్డు వంగిపోతుంది. అంతటితో ఆగితే అదృష్టమే అనుకోవాలి. బిగిసిన తాడు చివర ఊడిన ఇనుప ముక్క వడిసెల రాయిలా ఎగిరి వచ్చి మనిషికి తగిలితే ప్రాణాలకే ప్రమాదం.

ఇబ్రహీంపట్నం, మంచాల, యాచారం మండలాల్లో వానాకాలం వచ్చిందంటే ఈ దృశ్యం కొత్తేమీ కాదు. నాగార్జునసాగర్ రహదారి మీద తారు ఎంత బాగున్నా పంట చేల వద్దకు వెళ్లే దారులు చాలావరకు మట్టివే. తెల్లవారకముందే నగరంలోని మార్కెట్లకు సరుకు చేర్చాలనే తొందరలో చీకట్లోనే ఈ లాగుడు పనులు జరుగుతుంటాయి. తాడు తెగుతుందేమోనని పరీక్షించేవారు ఉన్నారు గాని, తాడు కట్టిన చోటు నిలుస్తుందా అని వాహనం కిందికి వంగి చూసేవారు తక్కువ. పాత వ్యాన్ల విషయంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

కనిపించేదంతా బలం కాదు

బంపరు చూడటానికి దిట్టంగానే ఉంటుంది. అయితే దాని పని చిన్నపాటి తాకిడిని తట్టుకోవడం వరకే. అంటే అది వెనక్కి నొక్కే బలానికి ఓర్చుకొంటుంది గాని ముందుకు లాగే బలానికి కాదు. పలుచని రేకు పట్టీల మీద చిన్న బోల్టులతో దానిని బిగిస్తారు. 8 మిల్లీమీటర్ల మామూలు ఇనుప బోల్టు ఒకటి దాదాపు 900 కిలోల లాగుడు వద్దనే సాగిపోవడం మొదలవుతుంది. బోల్టు నిలిచినా దాని చుట్టూ ఉన్న రేకు చిరుగుతుంది. పైగా పాత బండ్లలో ఆ బోల్టులు ఎన్నోసార్లు విప్పి బిగించినవే అయి ఉంటాయి. కొన్నిచోట్ల బోల్టు స్థానంలో తీగ చుట్టి నెట్టుకొస్తున్న వాహనాలూ లేకపోలేదు.

గ్రిల్లు ముందు బిగించుకొనే ఇనుప గార్డుదీ ఇదే కథ. లావుపాటి గొట్టాలతో ఏనుగునైనా ఆపేట్టు కనిపించే ఈ గార్డును వాహన తయారీదారు అమర్చలేదు. బజారులో కొని బిగించుకొన్నది. గొట్టం ఎంత లావుగా ఉన్నా దానిని బండికి కలిపే పట్టీ సన్ననిదే. అసలు ఈ గార్డులు చట్టానికే విరుద్ధమని, మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను కిందికి వస్తాయని పేర్కొంటూ వాటిపై చర్యలు తీసుకోవలసిందిగా కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలను కోరింది. పాదచారులకు, వాహనంలోని వారికి వాటివల్ల గాయాలు ఎక్కువవుతాయన్నది ప్రధాన అభ్యంతరం. తాడు కట్టడానికి పనికిరాకపోవడం దానికి తోడు.

ఎడ్ల బండి దిగబడితే రైతు ఏం చేస్తాడు? అదనపు జతను తెచ్చి నొగకు కట్టి లాగిస్తాడే గాని, బండి మీది తడికకు ఎవరూ తాడు వేయరు. బరువంతా ఏ కర్ర మీదుగా చక్రాలకు చేరుతోందో ఆ కర్రకే లాగుడూ చేరాలి. మోటారు వాహనంలో ఆ నొగ వంటిది ఛాసిస్ దూలం. కొక్కెం ఏదైనా సరే, అది నేరుగా ఆ దూలానికి అతికి ఉంటేనే దానిని నమ్మవచ్చు.

ఏ వ్యానుకు ఎక్కడ?

పాత వాహనాలను ఈ విషయంలో రెండు రకాలుగా చూడవలసి ఉంటుంది. టాటా సుమో, బొలెరో పికప్, జనం ఛోటా హాథీ అని పిలుచుకొనే టాటా ఏస్ వంటి వాటికి నిచ్చెన ఆకారంలో విడి ఛాసిస్ ఉంటుంది. పొడవునా రెండు దూలాలు, మధ్యలో అడ్డు దూలాలు. కిందికి వంగి చూస్తే అవి స్పష్టంగా కనబడతాయి. పొడవు దూలాల ముందు కొసల వద్ద కొక్కెం గాని, మందపాటి పలకకు వేసిన రంధ్రం గాని వెతుక్కోవచ్చు. ఇక్కడ వెతుకులాట సులువు.

రెండో రకంలోనే తికమక. మారుతీ ఓమ్ని దీనికి మంచి ఉదాహరణ. 1984లో మారుతీ వ్యానుగా వచ్చి, తరువాత ఓమ్ని పేరుతో 2019 వరకు తయారైన ఈ బండికి విడి ఛాసిస్ అంటూ లేదు. నేల రేకు, పక్క గోడలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే పెట్టెగా అతుక్కొని ఉంటాయి. అయినా నేల రేకు కింద మడత పెట్టిన రేకుతో చేసిన పెట్టె వంటి దూలాలు ముందు నుంచి వెనక్కి సాగుతాయి. బండికి వెన్నెముక అవే. 2007లో వచ్చిన టాటా వింగరు కూడా విడి ఛాసిస్ లేని బండే. ఇలాంటి వ్యాన్లలో దూలం కాని ప్రతి చోటూ ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మందం ఉన్న రేకు మాత్రమే.

ఓమ్నిలో మరో సంగతి గుర్తుంచుకోవలసి ఉంది. 796 సి.సి. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. ముందుకు పొడుచుకు వచ్చిన ముక్కు లేదు. డ్రైవరు పాదాలకు, ముందున్న తాడుకు మధ్య ఉన్నది రేకు, అద్దం మాత్రమే. బానెటు ఉన్న వాహనంలో ఊడి వచ్చిన కొక్కెం ముందు బానెటును తాకుతుంది. ఇక్కడ నేరుగా అద్దం మీదికి వస్తుంది.

కొక్కెం ఎక్కడుందో తెలుసుకోవడానికి మొదటి మార్గం వాహనంతో వచ్చిన పుస్తకం. మూడు చేతులు మారిన బండిలో పుస్తకం మిగిలి ఉండటం కష్టమే కనుక కళ్లతో చూడటమే మార్గం. పగటిపూట చదునైన చోట బండిని నిలిపి, చేతి బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు బంపరు కిందికి తల పెట్టి చూడాలి. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం దూరరాదు. ఎడమ, కుడి పొడవు దూలాల కొసల వద్ద లావు కడ్డీని వంచి వెల్డింగు చేసిన కొక్కెం గాని, కన్ను వంటి రంధ్రం ఉన్న మందపాటి పలక గాని కనిపిస్తుందేమో గమనించాలి. కనిపించిన దాని మొదలు ఎక్కడికి పోతున్నదో వేలితో తడిమి చూడటం ముఖ్యం. అది దూలంలో కలిస్తే సరే. రేడియేటరును మోసే సన్నని అడ్డపట్టీలో కలిస్తే దాన్ని వదిలివేయడమే మంచిది.

ఇక్కడ ఒక మోసం ఉంది. దూలాల అడుగున సాగదీసిన రంధ్రాలు, చిన్న కొక్కేలు కొన్ని వాహనాలకు కనిపిస్తాయి. కొత్త బండ్లను లారీ మీదనో, ఓడలోనో తరలించేటప్పుడు కదలకుండా కిందికి బిగించి కట్టడానికి ఏర్పరచినవి అవి. కిందికి నిలువుగా లాగితే ఓర్చుకొంటాయి. బురదలో కూరుకున్న బండిని అడ్డంగా, అదీ కుదుపుతో లాగితే అంచులు చీరుకుపోతాయి. రూపంలో లాగుడు కొక్కేనికీ వీటికీ పెద్ద తేడా లేకపోవడంతో అనుభవమున్న డ్రైవర్లే పొరబడే అవకాశం ఉంది. పలక మందం, వెల్డింగు పొడవు చూస్తే తేడా తెలుస్తుంది.

కొంచెం తరువాతి కాలపు వాహనాలకు బంపరులో చేతి బొటనవేలంత వెడల్పున ప్లాస్టిక్ మూత ఉంటుంది. మూత తీస్తే లోపల మరలున్న రంధ్రం. పనిముట్ల సంచిలో ఉండే కన్ను బోల్టును అందులో తిప్పి బిగించాలి. పలు వాహనాలలో ఈ మరలు ఎడమ చేతి వాటంగా ఉంటాయి గనుక మామూలుగా తిప్పితే ఎక్కవు. బోల్టు పూర్తిగా చివరి వరకు దిగాలి. సగం దిగిన బోల్టు మొదటి కుదుపుకే వంగిపోతుంది. సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు స్టెప్నీ, జాకీ అడిగి తీసుకొనేవారు ఈ బోల్టు సంగతి కూడా అడగడం మంచిది.

వెనుక వైపు నుంచి లాగవలసి వస్తే? చాలా సందర్భాల్లో బండి వచ్చిన దారినే వెనక్కి లాగడం సులువు. ఎందుకంటే చక్రాలు తొక్కిన గాడి అప్పటికే ఉంటుంది. అయితే పాత వ్యాన్లలో వెనుక కొక్కెం అన్నింటికీ ఉండదు. ఓమ్ని వంటి వాటిలో వెనుక ఇరుసు ఒకే గట్టి గొట్టంగా ఉండి కమాను పట్టీల మీద కూర్చొని ఉంటుంది. వేరే గతి లేనప్పుడు ఆ ఇరుసుకు రెండు పక్కలా, కమాన్లకు దగ్గరగా, బ్రేకు గొట్టాలు నలగకుండా చూసుకొని మెత్తని పట్టీ వేసి నిదానంగా లాగవచ్చు. ఇది చివరి మార్గమే గాని మొదటిది కాదు. బ్రేకు గొట్టం ఒత్తిడికి నలిగితే బండి బయటపడిన ఆనందం మొదటి మలుపు వరకే.

స్టీరింగు రాడ్లకు, ముందు చక్రాల కింది చేతులకు, ప్రొపెల్లర్ షాఫ్టుకు, సైలెన్సరు గొట్టానికి, ఫుట్‌బోర్డుకు, స్టెప్నీ వేలాడే చట్రానికి ఎట్టి పరిస్థితిలోనూ తాడు వేయరాదు. వీటిలో స్టీరింగు రాడ్డు మరీ ప్రమాదకరం. అది కొద్దిగా వంగినా అప్పటికప్పుడు తెలియదు. మరునాడు సాగర్ రోడ్డు మీద వేగంగా వెళ్లేటప్పుడు తెలుస్తుంది.

తుప్పు తినేసిన దూలం

కంపెనీ అమర్చిన కొక్కెమే కదా అని పాత బండిలో కళ్లు మూసుకొని నమ్మడానికి వీల్లేదు. కొక్కెం లావు కడ్డీ. దానికి తుప్పు పట్టినా పైపొర మాత్రమే పోతుంది. అది అతికి ఉన్న దూలం పలుచని రేకు. అదే తుప్పుకు అది గుల్లబారిపోతుంది. బయటికి రంగు నిగనిగలాడుతున్నా లోపల ఖాళీ. పెట్టె దూలం లోపలికి చేరిన నీరు బయటికి పోయే రంధ్రాలు బురదతో పూడుకుపోవడమే ఇందుకు మూలకారణం.

పల్లె వాహనాలకు మరో బాధ ఉంది. యూరియా, ఇతర ఎరువుల బస్తాలు, కోళ్ల ఎరువు తరలించే బండ్లలో నేల మీద రాలిన పొడి తేమను పీల్చుకొని ఇనుమును కొరికేస్తుంది. సరుకు దింపిన తరువాత నేల ఊడ్చేవారు ఉన్నారు గాని అడుగుభాగాన్ని నీళ్లతో కడిగేవారు అరుదు. చక్రాల వెనుక మూలలు, కమాను పట్టీల ముందు కొస బిగించిన చోటు, జారుడు తలుపు గడప కింది భాగం... ఈ మూడింటినీ ముందుగా చూడాలి.

పరీక్షకు పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. చిన్న సుత్తితో దూలం పొడవునా మెల్లగా కొడుతూ పోవాలి. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు పట్టిన చోట మొద్దు శబ్దం వస్తుంది, పెచ్చులు రాలుతాయి. అనుమానమున్న చోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కితే దిగబడుతుందేమో చూడాలి. టింకరింగు షెడ్డులో పుట్టీ పెట్టి రంగు వేసిన చోటు అయితే అయస్కాంతం అంటుకోదు. అమ్మకానికి ముందు అడుగున నల్లని పూత దట్టంగా కొట్టించిన బండిని కొనేవారు మరింత జాగ్రత్తగా చూడవలసి ఉంటుంది. ఆ పూత తుప్పును ఆపడానికి కొట్టిందో, దాచడానికి కొట్టిందో సుత్తి చెబుతుంది.

ఒక్క కుదుపు... టన్నుల బరువు

టన్ను బరువున్న బండి తారు రోడ్డు మీద న్యూట్రల్‌లో కదలడానికి 15 కిలోల లాగుడు చాలు. ఇద్దరు కుర్రాళ్లు నెట్టగలిగేది అందుకే. పదడుగులకు ఒక అడుగు ఎత్తు లేచే ఎగుడు మీద దానికి మరో వంద కిలోలు కలుస్తాయి. ఇరుసు వరకు బురదలో దిగబడితే మాత్రం బండి బరువులో సగం నుంచి మొత్తం బరువు దాకా లాగవలసి రావచ్చు. ఇంతవరకు మంచి కొక్కెం తట్టుకొంటుంది.

కుదుపు లెక్క వేరు. తాడును వదులుగా ఉంచి, ట్రాక్టరును ఒక్కసారిగా ముందుకు దూకించే అలవాటు మన వద్ద ఉంది. రెండు టన్నుల ట్రాక్టరు గంటకు 5 కిలోమీటర్ల వేగంతో కదిలి, తాడు బిగిసిన తరువాత 10 సెంటీమీటర్లలో ఆగిందనుకొందాం. ఆ క్షణంలో కొక్కెం మీద పడే సగటు బలం సుమారు 2 టన్నులు. అదే వేగం 10 కిలోమీటర్లయితే బలం రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. అంటే 8 టన్నులు! అన్నివైపులా మంచి స్థితిలో ఉన్న చిన్న వ్యాను కొక్కెం కూడా దీనికి నిలవడం కష్టం. తాడును ముందు మెల్లగా బిగువు చేసుకొని, మొదటి గేరులో క్లచ్చు నిదానంగా వదులుతూ లాగితే ఇంత బలం అవసరమే రాదు. దానికి ముందు పారతో చక్రాల ముందున్న బురద తీసి, రాళ్లో కొమ్మలో వేస్తే సగం పని అయినట్లే.

లాగుడు తిన్నగా ఉండాలి. పక్కకు 45 డిగ్రీల వాటున లాగితే కొక్కెం మొదలు వంగి వెల్డింగు విడుతుంది. ముందు రెండు దూలాలకూ రెండు కొక్కేలున్నపుడు ‘వి’ ఆకారంలో తాడు వేసి బలాన్ని పంచడం మంచి పద్ధతి. అయితే ఆ రెండు తాళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు దాటకుండా పొడవుగా వేసుకోవాలి. 60 డిగ్రీల వద్ద ఒక్కో తాడు మీద మొత్తం లాగుడులో 58 శాతం పడుతుంది. పొట్టి తాడుతో కోణం 120 డిగ్రీలకు విచ్చుకుంటే ఒక్కోదాని మీద నూటికి నూరు శాతం పడుతుంది. పంచినా పంచనట్లే.

ట్రాక్టరు వైపు కూడా తాడు ఎక్కడ కడుతున్నారన్నది ప్రాణాలతో కూడిన విషయం. వెనుక ఇరుసుకు దిగువన ఉండే లాగుడు పట్టీకే కట్టాలి. ఇరుసు కంటే ఎత్తున కడితే ముందు చక్రాలు గాలిలోకి లేచి ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. లాగే సమయంలో తాడు మధ్యలో తడిపిన గోనె సంచి వేస్తే తెగినా ఎక్కువ దూరం ఎగరదు. చూడవచ్చిన వారు, ముఖ్యంగా పిల్లలు, తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో నిలబడాలి. తాడుకు ముడి వేసిన చోట దాని బలం సగం వరకు తగ్గిపోతుందన్న సంగతి కూడా మరువరాదు. ముడికి బదులు చివర కుట్టిన మడత, ‘డి’ షాకిల్ వాడటం క్షేమం.

కొక్కెం లేకపోతే

వెతికినా కొక్కెం దొరకని, లేదా తుప్పుతో పాడైన బండికి కొత్తది అమర్చించుకోవచ్చు. ఇక్కడ వెల్డింగు షాపులో రెండు చుక్కలు అంటించి పంపిస్తే ప్రయోజనం లేదు. ముందు తుప్పు పట్టిన రేకును కోసివేసి, మంచి ఇనుము తేలే వరకు వెళ్లి, అక్కడ కొత్త రేకు అతకాలి. ఆపైన 5 లేక 6 మిల్లీమీటర్ల పలకను దూలానికి ఆనించి బోల్టులతో బిగించాలి. బోల్టు తల మీద 8.8 అంకె ఉన్నదే తీసుకోవాలి. 12 మిల్లీమీటర్ల మామూలు బోల్టు 2 టన్నుల వద్ద సాగితే, అదే లావున్న 8.8 బోల్టు 5 టన్నులు దాటే వరకు నిలుస్తుంది. ధరలో తేడా కొద్ది రూపాయలే. పెట్టె దూలం గుండా బోల్టు వేసేటప్పుడు లోపల ఇనుప గొట్టపు ముక్క పెట్టకపోతే బిగించే కొద్దీ దూలమే నలిగిపోతుంది. ఈ గొట్టం ముక్క పెట్టని పని సగం పనే.

వెల్డింగుకు ముందు బ్యాటరీ వైరు తీయించడం, పెట్రోలు ట్యాంకు, దాని గొట్టాలు ఎటు వెళ్తున్నాయో చూపించడం యజమాని బాధ్యతగా భావించాలి. గ్యాసుతో నడిచే వ్యాను అయితే సిలిండరు దింపిన తరువాతే వెల్డింగు రాడ్డు ముట్టించాలి.

రోడ్డు మీద లాగేటప్పుడు

బురద నుంచి బయటపడిన బండిని షెడ్డు వరకు లాక్కెళ్లడం మరో ఘట్టం. 1989 నాటి రహదారి నియమాల ప్రకారం లాగే వాహనానికి, వెనుక బండికి మధ్య దూరం 5 మీటర్లు మించరాదు, వేగం గంటకు 24 కిలోమీటర్లు దాటరాదు. వెనుక బండి స్టీరింగు వద్ద లైసెన్సు ఉన్న వ్యక్తి కూర్చోవాలి. తాడు ఇతరులకు కనిపించాలి. లాగుతున్న వాహనమని తెలిపే బోర్డు 75 మిల్లీమీటర్ల నల్లని అక్షరాలతో తెల్లని నేల మీద వెనుక ఉండాలి. వీటి స్థానంలో 2017లో కొత్త డ్రైవింగ్ నిబంధనలు వచ్చినా ఈ జాగ్రత్తల అవసరం తగ్గలేదు. బొంగుళూరు వద్ద ఔటర్ రింగు రోడ్డెక్కి తాడుతో లాగే సాహసం అసలే వద్దు. గరిష్ఠ వేగాన్ని 2023లో 120 కిలోమీటర్లకు పెంచిన ఆ రోడ్డు మీద అలాంటి బండిని క్రేను వాహనం మీద తరలించవలసిందే.

ఇంజను ఆగిన బండిలో బ్రేకుకు వాక్యూం సాయం ఒకటి రెండుసార్లు తొక్కగానే అయిపోతుంది. ఆ తరువాత పెడలును బలమంతా ఉపయోగించి తొక్కవలసి ఉంటుంది. తాళం చెవి తీసివేస్తే స్టీరింగు బిగుసుకుపోయే ప్రమాదముంది గనుక చెవి ‘ఆన్’ స్థితిలోనే ఉండాలి. వెనుక చక్రాలతో నడిచే ఓమ్ని వంటి వ్యాన్లను చాలా దూరం లాగితే గేరు బాక్సులోని నూనె లోపలి భాగాలకు అందక అవి అరిగిపోతాయి. యాచారం నుంచి ఇబ్రహీంపట్నం వరకైనా సరే, ప్రొపెల్లర్ షాఫ్టు విప్పించి గాని, వెనుక చక్రాలు లేపి గాని తీసుకువెళ్లడం మేలు.

ఇంజను ఆయిలు మార్పించడానికి బండి షెడ్డుకు వెళ్లిన రోజునే ఈ అడుగుభాగం పరీక్ష కూడా చేయించుకోవచ్చు. ర్యాంపు మీదికి ఎక్కిన బండి కింద ఐదు నిమిషాలు టార్చి వేసి చూస్తే సరిపోతుంది. కొక్కెం బాగున్నట్లు తేలితే దానికి పసుపు రంగు పూయించి పెట్టుకోవాలి. అర్ధరాత్రి వానలో, బురద కప్పిన బంపరు కింద వెతికేవారికి ఆ రంగు సెల్‌ఫోను వెలుతురులోనూ కనబడుతుంది.